దమ్ము తాగిన టేపు

పట్టపగలు... కానీ అది పగలు కాదు!

పంతొమ్మిది వందల ఎనభై, ఫిబ్రవరి పదహారు. మాఘ బహుళ అమావాస్య... అందునా శనివారం... అందునా సూర్యగ్రహణం! మధ్యాహ్నం తిన్న అన్నం అరగకముందే ఏదో అదృశ్య దంష్ట్ర సూర్యబింబాన్ని అంచు నుంచి కొరకడం మొదలుపెట్టింది. మబ్బు లేకుండానే ఎక్కడో ఉరుము... చెట్టు లేకుండానే కరెంటు స్తంభం మీద గుడ్లగూబ... కాకులు విడిది ఇల్లు దొరకని పెళ్లివారిలా గుంపులుగా తిరిగి తిరిగి, చివరికి గూళ్లకు చేరుతున్నాయి. వరంగల్ స్టేషన్ రోడ్డు మీద రిక్షా లేదు, మనిషి లేడు, తిట్టుకోవడానికి అడ్డమొచ్చే ఎద్దు కూడా లేదు. ఇళ్లలో పచ్చడి జాడీల మీద గరికపోచలు... తలుపులకు గడియలు. పట్టణమంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది!

తెరిచి ఉన్న దుకాణం ఒక్కటే... న్యూ ఫిట్‌వెల్ టైలర్స్.

దాని యజమాని ఎల్లస్వామి కుట్టు తెలిసినవాడే కానీ కుట్ర తెలియనివాడు. కత్తెర పట్టడమే తప్ప కత్తి పట్టి ఎరగడు. గ్రహణవేళ సూదీ కత్తెరా ముట్టకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా దుకాణం తెరిచాడంటే కారణం వెంకట్రాజం సేటు మాట.

"గిరాణం పట్టు మీద ఉన్నప్పుడే మీ తమ్మునికి కొలత తియ్యి ఎల్లస్వామీ! గసొంటి ఘడియ మల్ల రాదు. పెండ్లి సూటు నా దిక్కు నుంచి బహుమానం. నేనే పిలగాన్ని రిక్షాల తోల్కొస్త."

కేసముద్రం మార్కెట్లో కమీషను మీద ధాన్యం అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉన్న సేటుకు అడ్డు చెప్పే అలవాటు ఎల్లస్వామికి లేదు. పైగా తమ్ముడు సారంగపాణికి పెళ్లి వచ్చే వారమే... హసన్‌పర్తి పిల్ల. తల్లిదండ్రులు లేని తమ్ముణ్ణి ఎల్లస్వామే పెంచాడు. ఈ లోకంలో ఆయనకంటూ ఉన్న ఒకే ఒక్క ప్రాణి వాడు. వాడికి సూటు కుట్టాలన్నది ఆయన ఎన్నాళ్ల కోరికో! ఆ కోరికే ఇవాళ కోర సాచి నిలబడిందని ఆయనకింకా తెలియదు...

ఎల్లస్వామికి ఊళ్లో ఇంకో పేరుంది... దమ్మిడువు ఎల్లన్న. ఎందుకంటే, మగవాడన్న ప్రతివాడూ ఛాతీ చుట్టూ టేపు పడగానే ఒక అబద్ధం ఆడతాడు. నోటితో కాదు, రొమ్ముతో! అప్పటిదాకా వంగిన వెదురులా నిలబడ్డవాడు గబుక్కున గాలి పీల్చి కోడిపుంజైపోతాడు. ఆ కొలతకు చొక్కా కుడితే, ఇంటికెళ్లాక పుంజు పోయి చొక్కా మిగులుతుంది. అందుకే ఎల్లస్వామి టేపు చుట్టి, రెండు కొసలూ కలిపి పట్టుకుని, "దమ్మిడువు తమ్మీ!" అంటాడు. ఎదుటివాడు సిగ్గుపడి ఉస్సురని ఊపిరి వదిలాక, అప్పుడే అంకె చూస్తాడు. మజూరీలో దమ్మిడీ తగ్గడు కానీ, దమ్మిడవనిదే కొలత రాయడు. సైకిళ్ల మీద పోయే కుర్రాళ్లు కూడా దుకాణం ముందుకు రాగానే, "దమ్మిడువన్నా!" అని అరిచి నవ్వుకుంటూ పోతారు.

ఆ టేపు పోయిన వానాకాలంలో సేటు ఇచ్చిందే. "లండన్ మాల్! సాగదు, చెరగదు" అన్నాడు. నిజంగానే సాగలేదు, చెరగలేదు. కానీ మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ చల్లగా ఉండేది... ఎవరి ఛాతీకో చుట్టి తీసిన తర్వాత మాత్రం కాసేపు వెచ్చగా ఉండేది. అప్పుడే తాగి నిద్రపోతున్న జలగలా!

సేటు మాత్రం తన ఒంటికి ఒక్కనాడూ టేపు తగలనిచ్చిన పాపాన పోలేదు. "కొలతలెందుకు, ఆది తీస్కో" అని, సరిపోయే పాత చొక్కా ఒకటి నమూనాగా పంపేవాడు. మొదట వచ్చిన ఆది ముప్పై రెండు అంగుళాల ఛాతీది, దగ్గుతో ఎగిరిపడే ముసలి ఛాతీ. తర్వాత ముప్పై నాలుగు... ముప్పై ఆరు... ముప్పై తొమ్మిది! ఆదికీ ఆదికీ సేటు ఆరోగ్యం బలిసింది. నెరిసిన జుట్టు నల్లబడింది. దగ్గు ఎటో పోయింది. "సేటు ఏం తింటాండో గని, గా హోటల్ పేరు మాక్కూడ చెప్పున్రి" అని మార్కెట్లో జోకులు పుట్టాయి.

సేటు దానగుణం కూడా అప్పుడే పుట్టింది. మార్కెట్లో బస్తాలు మోసే హమాలీని ఎవణ్ణో ఒకణ్ణి దుకాణానికి తీసుకొచ్చి, "వీనికో అంగీ కుట్టు, పాపం" అనేవాడు. ఆ పుణ్యాత్ముడి చేతిలో మొదట అంగీ తొడిగించుకున్నవాడు కట్టయ్య. వడ్ల బస్తాను తలగడలా ఎత్తే మనిషి. అంగీ వేసుకున్న నెలకు మంచం పట్టాడు. దసరాకు అతని రొమ్ము పిట్టగూడంతయింది. దవాఖానలో దమ్ము రోగమన్నారు. దీపావళికి దీపం పెట్టారు... తల దగ్గర!

అతని భార్య సమ్మమ్మ. ఆమె బతుకు తెరువు కోసం ఎల్లస్వామి తన దుకాణంలో కాజాల పని ఇచ్చాడు. అంగీకి గుండీ దూరే రంధ్రాల చుట్టూ దారంతో అంచు కుట్టడం. ఆమె కాజా కుడితే చీమ కూడా తలవంచి దూరాల్సిందే, అంత బిగువుగా ఉండేది.

ఆ వేళ కూడా ఆమె గడప లోపల చాప మీద కూర్చుని కాజాలు కుడుతోంది. ఒళ్లో ఉన్నది సేటు కోసం కొత్తగా కత్తిరించిన చొక్కా.

"గిరాణంల సూది ముట్టుడు బాగుండదన్నా" అంది సమ్మమ్మ.

"నువ్వేం నీళ్లోసుకున్నవా చెల్లె? సేటు గిప్పుడే వస్తడు. గా రెండు కాజాలు అయిపోతే పోయి తలుపేసుకుందువు."

"నా ఇంట్ల తలుపెయ్యనీకి లోపల ఎవలున్నరన్నా..."

ఎల్లస్వామి సుద్దముక్క వెతుక్కున్నాడు.

ఆకాశంలో సూర్యుడు కొడవలి అయ్యాడు. నేల మీద పడుతున్న ప్రతి వెలుగుచుక్కా చిన్న చిన్న కొడవళ్లయింది. దుకాణం నేలంతా కొడవళ్లు! గాలి ఆగింది... అయినా హ్యాంగర్లకు వేలాడుతున్న చొక్కాలు మెల్లగా కదిలాయి.

సమ్మమ్మ చేతిలో సూది ఆగింది.

"చెల్లె?"

ఆమె తల పైకెత్తింది. కళ్లలో నల్లగుడ్లు లేవు! జుట్టుముడి దానంతటదే విడిపోయింది. ఆమె నోరు తెరుచుకుంది. అందులోంచి వచ్చినది ఆమె గొంతు కాదు... బస్తాల దుమ్ముతో గీరుకుపోయిన మగ గొంతు. ఎల్లస్వామి ఎరిగిన గొంతు. కట్టయ్య గొంతు!

"ఎల్లన్నా... దమ్మిడువుమన్నవు..."

ఎల్లస్వామి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇడిసిన..." అంది ఆ గొంతు. "ఇడిసినన్నా... మల్ల తీసుకోనియ్యలే!"

"కట్టన్నా... నాకు తెల్వదు... నీ మీదొట్టు, నాకేం తెల్వదు..."

"టేపు తాగింది. టేపు తాగిందంత సేటు తాగిండు. నా ఎనుక సేటు తోలుకొచ్చినోళ్లది గంతే. ఆని రొమ్ముల గాలి మాదన్నా! గీ అంగీ నిండ మేమే..." ఆమె చేతులు ఒళ్లో చొక్కాను పిసికాయి. "నీ చెయ్యి కొలిస్తెనే దానికి పట్టు. నీ నోరు అంటెనే మాకు ఇడుపు. గిరాణం పట్టు మీద ఒక్క మంచి పడుసు దమ్ము దొరికితే ఆనికి ఇగ సావు లేదట! నీ తమ్ముడన్నా... నీ తమ్ముడు..."

అంతే! సమ్మమ్మ మొదలు నరికిన అరటిచెట్టులా బట్టల తాన్ల వెనక కూలిపోయింది.

ఎల్లస్వామి మెడలోని టేపు వైపు చూసుకున్నాడు. ఇన్నాళ్లూ ఇది తన మెడలోనే ఉంది కదా, తనను ఎందుకు తాగలేదు? ఎందుకంటే, కొసలు కలిపి పట్టుకుని ఆయనకు దమ్మిడువుమని చెప్పినవాళ్లు లేరు. అందరికీ చెప్పినవాడు ఆయనే. తను నవ్వుతూ అన్న మాట ఎంతమంది ముక్కులో దూది పెట్టించిందో! టేపు లాగి పారేయబోయాడు. చేయి లేవలేదు. పరుగెత్తబోయాడు. కాలు కదలలేదు.

గుమ్మంలో నీడ పడింది.

"ఏం ఎల్లస్వామీ, గట్ల బిగుసుకపోయినవ్? గంజి పెట్టిన్రా ఏంది?"

వెంకట్రాజం సేటు! బూడిదరంగు సఫారీ సూటు, బుగ్గల్లో పాతికేళ్ల నిగనిగ, చంకలో సంచి. వెనకే సారంగపాణి... తాలింఖానాలో దండీలు తీసిన ఒళ్లు, పెళ్లికొడుకు కళ, చెంపల దాకా దిగిన క్రాపు. ఊళ్లో ఏ వ్యవసాయబావిలో బిందె పడినా వాడికే కబురొస్తుంది. మునిగాడంటే గట్టు మీదున్నవాళ్లకు ఏడుపొచ్చేదాకా తేలడు.

"జల్ది తియ్యన్నా! మా మామ గిరాణంల బయట తిరుగుతాన్నని సూసిండంటే పిల్లనియ్యడు" అన్నాడు నవ్వుతూ. "ఛాతీ జర జాస్తి రాయి. పెండ్లి ఫోటోల నేను గొర్రెపిల్ల లెక్క కనబడొద్దు."

సేటు తలుపు వేసి గడియ పెట్టాడు. సంచిలోంచి ఒక కపాలాన్ని తీసి, కత్తిరింపుల బల్ల మీద పెట్టాడు! దాని కనుగుంటల్లో కుంకుమ... పళ్ల సందున నల్లదారం... కపాలి కాని కపటి చేతిలో ఆ కపాలం పకపకా నవ్వుతున్నట్టే ఉంది!

"గదేంది సేటూ?" సారంగపాణి గొంతులో నవ్వు తెగింది.

"దిష్టి తగలకుంట బిడ్డా, దిష్టి! ఫికర్ జెయ్యకు. చేతులు పైకెత్తు."

సేటు పెదవులు కదిలాయి. హ్రీంకార క్రీంకారాలు కీచురాళ్లలా దుకాణమంతా పాకాయి. సారంగపాణి చేతులు వాడి ప్రమేయం లేకుండా పైకి లేచాయి. ఎల్లస్వామి కాళ్లు ఆయన ప్రమేయం లేకుండా తమ్ముడి వైపు నడిచాయి. వేళ్లు టేపు విప్పాయి... తమ్ముడి వీపు వెనకగా తిప్పాయి... రొమ్ము మీద రెండు కొసలూ కలిపాయి. ఎత్తుకుని ఆడించిన రొమ్ము! గుండె టేపు కింద పావురంలా కొట్టుకుంటోంది.

సారంగపాణి అలవాటుగా గాలి పీల్చి రొమ్ము విరిచాడు.

ఎల్లస్వామి నాలుక కదలబోయింది. ఇన్నేళ్ల అలవాటు, దాని మీద మంత్రం... రెండూ కలిసి ఆ మాటను గొంతులోంచి తోస్తున్నాయి. 'ద'... 'దమ్'... బల్ల అంచున గుండుసూదుల డబ్బీ కనిపించింది. ఆయన తల వంచి, కుక్క గిన్నెలో మూతి పెట్టినట్టు మూతి పెట్టి, దొరికినన్ని సూదులు పళ్ల మధ్య కరిచి పట్టాడు. దర్జీలు సూదులు నోట పెట్టుకుని పని చేస్తారు. కానీ ఇలా మాటను పొడిచి ఆపడానికి పెట్టుకున్నవాడు ఈయనొక్కడే! పెదవుల సందు నుంచి నెత్తురు కారింది.

"చెప్పు!" గర్జించాడు సేటు.

"మ్... మ్మ్..."

"చెప్పురా దర్జీ! పట్టు ఇడిసేతట్టున్నది!"

సారంగపాణికి ఇంకా ఏమీ తెలియదు. కానీ అన్న నోట నెత్తురు చూశాడు. అన్న కళ్లు చూశాడు. ఆ కళ్లు తలుపు వైపు కాదు, పైకి కాదు... బావిలో నీళ్ల అడుగుకు చూస్తున్నట్టు తన రొమ్ము వైపే చూస్తూ, అడ్డంగా ఊగుతున్నాయి. వద్దు... వద్దు... ఇడవద్దు...

వాడు ఇడవలేదు. బావిలో మునిగినట్టే నిలబడ్డాడు. మెడ నరాలు తాళ్లయ్యాయి. ముఖం ఎర్రబడి, నల్లబడి, కళ్లు ఉబ్బాయి. బయట పిశాచాంధకారం! సూర్యుడి చోట నల్లటి గుండీ... దాని చుట్టూ సన్నని వెలుగు కాజా!

"నీ చేతనే కావాలెనా? కపాలం నా దగ్గరున్నది. నేనే కొలుస్త. నేనే చెప్త!"

సేటు టేపు పెరుక్కున్నాడు. అది చేతిని వదలగానే ఎల్లస్వామి కాళ్లకు కట్టు విడింది. అడ్డం వస్తున్న ఎల్లస్వామిని తోసేయడానికి రెండు చేతులూ కావాలి. మరి టేపు? టేపు చేత పడిన మనిషి దాన్ని పెట్టుకునే చోటు ఒక్కటే ఉంది. లోకంలో ఏ దర్జీ దుకాణంలోనైనా అందరూ చూసేదే, అందరి చేతికీ అలవాటైనదే! సేటు ఒళ్లు మరిచిన కోపంలో, ఇన్నాళ్లూ ఒంటికి తాకనివ్వని ఆ టేపును తన మెడలోనే వేసుకున్నాడు!

ఆ తోపుకు ఎల్లస్వామి కింద పడలేదు. ముందుకు పడ్డాడు. రెండు కొసలూ పట్టుకున్నాడు. మెడ కొలత తీసేటప్పుడు టేపు లోపల రెండు వేళ్లు దూర్చడం ఆయన పద్ధతి. కాలరు బిగియకుండా, మనిషికి ఊపిరాడేటంత జాగా. ఎంత ముదనష్టపు గిరాకీకైనా ఆ రెండు వేళ్ల దయ చూపించేవాడు.

ఆ రోజు వేళ్లు పెట్టలేదు.

కొలిచే చేయి సిద్ధం... కానీ మాట? నోటి నిండా సూదులు!

అప్పుడు బట్టల తాన్ల వెనక నుంచి సమ్మమ్మ లేచింది. విరబోసిన జుట్టు... చేతిలో సూది, దారం... ఆమె వెనక గోడ మీద ఆమె నీడ ఒక్కటే కాదు, నీడల గుంపు! భుజాలు వంగిన నీడలు... బస్తాలు మోసి మోసి వంగిన నీడలు!

"నన్ను కాదు... వాన్ని... వాన్ని..." సేటు గొంతు పీలగా పలికింది.

ఎల్లస్వామి నోటికి బదులు సమ్మమ్మ నోరు తెరిచింది. ఒక నోట ఎందరో మగవాళ్లు, మార్కెట్ యార్డులో బస్తాకు భుజం పట్టేటప్పుడు కలిపి పలికినట్టు, ఒక్కటిగా పలికారు.

"దమ్మిడువు సేటూ!"

సేటు ఇడిచాడు!

ఇడవక తప్పలేదు. మొదటి ఊపిరిలో వడ్ల దుమ్ము వాసన... రెండోదానిలో కల్లు వాసన... ఇంకోదానిలో మిరపఘాటు... ఊపిరి మీద ఊపిరి, ఊపిరి మీద ఊపిరి! హ్యాంగర్ల చొక్కాలన్నీ గాలిపటాల్లా ఎగిరాయి. సేటు ముప్పై తొమ్మిది ముప్పై ఆరైంది... ముప్పై రెండైంది... బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు నెరిసింది, దగ్గు తిరిగొచ్చింది... ఇంకా ఇడుస్తూనే ఉన్నాడు! "ఆ... ఆపున్రి..." అనడానికి కూడా ఊపిరి కావాలి. ఆయన సొంతది ఎప్పుడో అయిపోయింది. ఇన్నాళ్లూ తిన్నదంతా అద్దె గాలే!

చివరి ఊపిరి సమ్మమ్మ చెంపను రాసుకుంటూ పోయింది. అందులో బీడీ వాసన. ఆమె కళ్లలోకి నల్లగుడ్లు తిరిగొచ్చాయి.

"అయ్యో... గీయన బీడీ మానలేదా..." అంది సన్నగా. అని, కూర్చుని, మొగుడు పోయిన నాడు రాని ఏడుపంతా ఏడ్చింది.

కిటికీలోంచి మొదటి కిరణం పడింది. బల్ల మీది కపాలం ఫెళ్లున పగిలి సుద్దపొడిలా రాలింది. నేల మీద ఒక సఫారీ సూటు మాత్రం మిగిలింది. లోపల మనిషి లేడు. టేపు దాని కాలరు చుట్టూ నల్లగా మాడి ముడుచుకుని ఉంది.

సారంగపాణి అప్పుడు తేలాడు. ఒక్కసారిగా ఊపిరి వదిలి, మళ్లీ పీల్చి, మళ్లీ వదిలి... ఆ శబ్దం వింటూ ఎల్లస్వామి నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసుకున్నాడు.

"సేటు ఏడన్నా?" అన్నాడు తమ్ముడు, రొమ్ము పట్టుకుని.

"ఖాళీ చేసిండు."

"నా కొలత?"

"నీ పాత అంగీ ఆది ఇయ్యిరా నాయనా! నీకింక టేపు పెట్ట" అని, ఎల్లస్వామి తమ్ముణ్ణి చిన్నప్పటిలా ఒళ్లోకి లాక్కున్నాడు.

పెళ్లి ఫోటోలో సారంగపాణి గొర్రెపిల్లలాగే పడ్డాడు. దాన్ని చూసి ఎల్లస్వామి మురిసినంత ఇంకెవరూ మురవలేదు. ఆ తర్వాత దుకాణంలోకి కొత్త బట్ట టేపు వచ్చింది. కానీ ఎల్లస్వామి నోట ఆ మాట మళ్లీ రాలేదు. గిరాకీ రొమ్ము విరిస్తే విరవనిస్తాడు. టేపు పట్టుకుని, మాట్లాడకుండా నిలబడతాడు. ఎంతటి పుంజైనా ఎప్పుడో ఒకప్పుడు తనంతట తనే ఊపిరి వదలక తప్పదు కదా.

సేటు కోసం కుట్టిన ఆ కొత్త చొక్కా మాత్రం ఉండిపోయింది. అడిగేవాళ్లు లేరు. కాల్చబోతే అంటుకోలేదు. మూల హ్యాంగరుకు తగిలించారు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, ఆకు కూడా కదలని వేళ, సమ్మమ్మ సూది ఆపి ఆ మూలకు చూసింది. చొక్కా రొమ్ము దగ్గర మెల్లగా ఉబ్బింది... మెల్లగా తగ్గింది... మళ్లీ ఉబ్బింది. లోపల ఎక్కడో సన్నగా ఒక ముసలి దగ్గు!

ఆమె లేచి, దాన్ని దించి, ఒళ్లో వేసుకుని, ఒక్కో కాజానూ దారంతో మూసి కుట్టేసింది. కాజా తెరవడమే తెలిసిన చేయి మొదటిసారి మూసింది. కాలరు, కఫ్‌లు, కింది అంచు కూడా కుట్టి, తిరిగి తగిలించింది. ఎల్లస్వామి చూస్తూ నిలబడ్డాడు.

చొక్కా కదలిక ఆగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అప్పుడే రోడ్డు మీద ఎవడో కుర్రాడు సైకిల్ గంట కొడుతూ, పాత అలవాటుగా అరిచి పోయాడు.

"దమ్మిడువన్నా!"

ఎల్లస్వామి ఊపిరి బిగబట్టాడు. సమ్మమ్మ ఊపిరి బిగబట్టింది.

మూలన... హ్యాంగరు మీద... చొక్కా కూడా!